గాజు గోడల హోటళ్ళు: అందరూ కనిపించేలా గీసింది ఎవరు, లోపలికి రానిచ్చింది ఎవరిని?

రెండు గ్లాసుల పద్ధతి తెలిసినవాళ్ళకు హోటల్ అంటే టీ, టిఫిన్ ఒక్కటే కాదని విడిగా చెప్పాల్సిన పని లేదు. ఎవరు బెంచీ మీద కూర్చోవాలి, ఎవరు బయట చెట్టు కింద నిలబడి తాగాలి, తాగిన గ్లాసు ఎవరు కడగాలి అన్నవి ఊరి పెద్దలు రాయకుండానే రాసిపెట్టిన రూల్స్. ఒక సమాజం ఎవర్ని మనుషులుగా లెక్కపెడుతుందో తెలియాలంటే దాని హోటళ్ళను చూస్తే చాలు.

అదే ప్రశ్నతో ఈసారి అమెరికాను చూద్దాం. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, 1950లలో, కాలిఫోర్నియా రోడ్ల పక్కన కొత్త రకం కాఫీ షాపులు వెలిశాయి. కాఫీ షాపు అనగానే ఇవాళ్టి ఖరీదైన కాఫీ దుకాణాన్ని ఊహించుకోవద్దు. మన టిఫిన్ సెంటర్ లాంటిదే. పొద్దున గుడ్లు, పాన్‌కేకులు, మధ్యాహ్నం బర్గర్లు, రాత్రంతా కాఫీ. కూలి పని చేసేవాళ్ళు, ఫ్యాక్టరీ కార్మికులు, పిల్లలతో వచ్చే కుటుంబాలు తినగలిగే ధరలు. కానీ కట్టడం చూస్తే మాత్రం అంతరిక్షం నుంచి దిగినట్టుండేది. రెక్కలు చాచినట్టు పైకి లేచిన కప్పు, నేల నుంచి కప్పు దాకా గాజు గోడ, రాత్రిపూట మైలు దూరం నుంచి కనిపించే నియాన్ బోర్డు.

ఈ శైలికి గూగీ అని పేరు. దీన్ని గీసినవాళ్ళలో ఒక చైనీస్ లాండ్రీ కుటుంబంలో పుట్టిన మహిళ ఉంది. అదే శైలిలో ఒక ప్రసిద్ధ మోటెల్‌ను గీసిన నల్లజాతి ఆర్కిటెక్ట్ ఉన్నాడు. వాళ్ళ పేర్లు మన దగ్గరే కాదు, అమెరికాలో కూడా చాలామందికి తెలియవు. అందుకే ఈ కథ చెబుతున్నాం.

పేరు వెక్కిరింతగా పుట్టింది

1949లో లాస్ ఏంజెలస్‌లో సన్‌సెట్ రోడ్డు మీద గూగీస్ అనే కాఫీ షాపు తెరిచారు. గూగీ అనేది యజమాని భార్య ముద్దుపేరు. కట్టడాన్ని గీసింది జాన్ లాట్నర్. ప్రపంచ ప్రసిద్ధ ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ దగ్గర పని నేర్చుకున్న మనిషి. ఒకే కప్పు కొంతదూరం బల్లపరుపుగా వెళ్ళి, హఠాత్తుగా వాలుగా పైకి లేచి, అక్కడే బోర్డుగా మారుతుంది. కారులో వేగంగా వెళ్ళేవాడి కన్ను ఒక్క క్షణంలో పట్టుకోవాలన్నది ఉద్దేశం.

1952లో డగ్లస్ హాస్కెల్ అనే ప్రసిద్ధ సంపాదకుడు హౌస్ అండ్ హోమ్ పత్రికలో ఈ తరహా కట్టడాల గురించి ఒక వ్యాసం రాశాడు. ఒక కల్పిత ప్రొఫెసర్ నోటితో సగం ఎగతాళిగా, సగం ఆసక్తిగా సాగిన ఆ వ్యాసంతోనే గూగీ అనే మాట స్థిరపడింది. తర్వాత చాలా ఏళ్ళు ఆర్కిటెక్చర్ లోకంలో అది తిట్టుగానే చలామణీ అయింది. బ్యాంకు, మ్యూజియం, విశ్వవిద్యాలయం కడితే వాస్తుకళ. పనివాళ్ళు తినే హోటల్ కడితే చవకబారు పని. ఈ లెక్క మనకు కొత్తదేమీ కాదు. కుండ చేసినవాడిని, తోలు కుట్టినవాడిని, గోడ కట్టినవాడిని కళాకారుడు అనడానికి నోరు రాని సమాజం మనది కూడా.

లాట్నర్ గీసిన ఆ గూగీస్‌ను 1989లో కూల్చేశారు. అంతకు నాలుగేళ్ళ ముందు, 1985లో అలన్ హెస్ అనే రచయిత ఈ కాఫీ షాపుల మీద ఒక పుస్తకం వేశాక గానీ ఆ మాటకు గౌరవం రాలేదు.

కారు వేగానికి సరిపడే కట్టడం

ఈ రూపం వెనక కారణాలు ఊహాలోకంలోవి కావు, రోడ్డు మీదివే. యుద్ధం తర్వాత లాస్ ఏంజెలస్ అన్ని దిక్కులకూ పాకింది. ఇల్లు ఒకచోట, ఫ్యాక్టరీ ఇంకోచోట, మధ్యలో కారు. గంటకు ముప్పై నలభై మైళ్ళ వేగంతో వెళ్ళేవాడికి చిన్న బోర్డు కనపడదు. కాబట్టి కట్టడమే బోర్డు అయింది. యుద్ధకాలంలో పెరిగిన పరిశ్రమలు పెద్ద గాజు పలకల్ని, ఉక్కు దూలాల్ని, అతికించిన చెక్క దూలాల్ని అందుబాటులోకి తెచ్చాయి. వాటితో మధ్యలో స్తంభాలు లేకుండా పెద్ద హాలు కట్టొచ్చు. 1957లో స్పుత్నిక్ ఆకాశంలోకి వెళ్ళింది. అప్పటికే మొదలైన రాకెట్ల, నక్షత్రాల మోజు ఇంకా పెరిగింది.

ఈ పనిలో అందరికన్నా ఎక్కువ కట్టడాలు గీసింది ఆర్మే అండ్ డేవిస్ అనే సంస్థ. లూయిస్ ఆర్మే, ఎల్డన్ డేవిస్ ఇద్దరూ సదర్న్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదివారు. 1947లో కలిసి ఆఫీసు పెట్టారు. విల్షైర్, ఫెయిర్‌ఫాక్స్ రోడ్ల కూడలిలో ఇవాళ జానీస్ అని పిలిచే కాఫీ షాపు, 1957 నాటి లా సియెనెగా రోడ్డు నార్మ్స్, 1958 నాటి పాన్స్, అన్నీ వాళ్ళవే. డెన్నీస్ అనే గొలుసు హోటళ్ళకు 1958లో ఒక నమూనా కూడా వాళ్ళే గీసిచ్చారు. ఆ ఒక్క నమూనాను ఊరూరా కట్టుకుంటూ పోయారు. గొలుసు హోటళ్ళ వ్యాపారం అట్లాగే పెరిగింది. పైకప్పు చూడగానే పేరు గుర్తుకు రావాలి.

లోపల వివరాలు చూస్తే ఇంకా అర్థమవుతుంది. వంటగది తలుపు వెనక దాక్కోదు. స్టీలు పొయ్యిల దగ్గర వంటవాడు అందరి కళ్ళ ముందే దోసె తిప్పినట్టు గుడ్డు తిప్పుతుంటాడు. వంట శుభ్రంగా ఉందో లేదో తినేవాడే చూసుకోవచ్చు. కౌంటరు ముందు స్టూళ్ళకు కాళ్ళుండవు. కౌంటరు నుంచే ఇనుప చేతుల మీద గాల్లో వేలాడుతుంటాయి, నేల తుడిచేవాళ్ళకు అడ్డం తగలకుండా. మార్టిన్ స్టెర్న్ జూనియర్ గీసిన షిప్స్ కాఫీ షాపుల్లో అయితే ప్రతి టేబుల్ మీదా బ్రెడ్డు కాల్చుకునే టోస్టర్ పెట్టారు.

ఇక్కడే ఒక విషయం గమనించాలి. ఈ డిజైన్ భాష సమానత్వపు భాష. కౌంటరు దగ్గర అన్ని స్టూళ్ళూ ఒకే ఎత్తు. డ్రైవరు పక్కన సినిమా నటుడు కూర్చోవచ్చు. గాజు గోడ వల్ల లోపల ఎవరున్నారో వీధి అంతటికీ కనిపిస్తుంది. దాచడానికేమీ లేదన్నట్టుగా ఉంటుంది. మరి నిజంగా అందరూ వచ్చి కూర్చోగలిగారా?

లాండ్రీ ఇంటి నుంచి డ్రాయింగ్ బల్ల దాకా

హెలెన్ లియు ఫాంగ్ 1927లో లాస్ ఏంజెలస్ చైనాటౌన్‌లో పుట్టింది. తల్లిదండ్రులు లాండ్రీ నడిపేవారు. అమెరికాలో చైనీయులకు లాండ్రీ ఎందుకు కులవృత్తి లాగా అంటుకుందో మన పాఠకులకు సులభంగానే అర్థమవుతుంది. మిగతా పనుల తలుపులు మూసేస్తే, ఎవరూ చేయడానికి ఇష్టపడని మురికి బట్టల పని మిగులుతుంది. 1882లో వచ్చిన చట్టం చైనా కార్మికుల వలసను నిషేధించింది. దాన్ని ఎత్తేసింది 1943లో. అప్పటికి హెలెన్‌కు పదహారేళ్ళు. ఆమె చిన్నతనంలోనే పాత చైనాటౌన్‌ను రైల్వే స్టేషన్ కోసం నేలమట్టం చేశారు.

ఆమె బర్కిలీలో నగర ప్రణాళిక చదివి 1949లో డిగ్రీ తీసుకుంది. మొదట యూజీన్ చోయ్ అనే చైనీస్ అమెరికన్ ఆర్కిటెక్ట్ దగ్గర సెక్రెటరీగా చేరింది. 1951లో ఆర్మే అండ్ డేవిస్‌కు వచ్చింది. దాదాపు అందరూ తెల్ల మగవాళ్ళే ఉన్న ఆ వృత్తిలో, ఒక్కో మెట్టూ ఎక్కి ఆ సంస్థ పేరుమోసిన కాఫీ షాపుల రూపాన్ని తీర్చిదిద్దింది. రంగులు, సీట్లు, దీపాలు, రాతి గోడలు, మొక్కలు, ఇవన్నీ కలిపి లోపల అడుగుపెట్టిన మనిషికి ఎట్లా అనిపించాలన్నది ఆమె పని. ఇవాళ్టికీ తెరిచే ఉన్న పాన్స్‌లో ఎర్రటి సీట్లు, లోపలి నుంచి బయటికి కొనసాగే రాతి గోడ, గాజుకు అవతల మొక్కలు చూసి జనం ఫోటోలు తీసుకుంటారు. సంస్థ పేరులో మాత్రం ఇద్దరు మగవాళ్ళే ఉంటారు.

ఆమె చేసిన పనుల్లో మనకు అన్నిటికన్నా ముఖ్యమైనది హాలిడే బౌల్. 1958లో క్రెన్‌షా రోడ్డు మీద తెరిచిన బౌలింగ్ ఆటశాల, దానికి ఆనుకుని కాఫీ షాపు. కట్టించింది జపనీస్ అమెరికన్లు. ఆ మాట వెనక పెద్ద చరిత్ర ఉంది. 1942లో అమెరికా ప్రభుత్వం సుమారు 1,20,000 మంది జపాన్ సంతతి ప్రజల్ని ఇళ్ళ నుంచి వెళ్ళగొట్టి ముళ్ళకంచెల శిబిరాల్లో పెట్టింది. వాళ్ళలో ఎక్కువమంది అమెరికా పౌరులే. శిబిరాల నుంచి బయటికొచ్చాక ఇల్లు, దుకాణం, పొలం పోగొట్టుకున్నవాళ్ళు మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టారు. బౌలింగ్ ఆట విషయానికొస్తే, దేశ బౌలింగ్ సంఘం 1950 దాకా తెల్లవాళ్ళకే సభ్యత్వం అని నిబంధన పెట్టుకుంది. అందుకే సొంత ఆటశాల కట్టుకోవడం వాళ్ళకు సరదా వ్యవహారం కాదు.

ఆ చుట్టుపక్కల ఇళ్ళ కథ కూడా అట్లాంటిదే. తెల్లవాళ్ళు కానివాళ్ళకు ఇల్లు అమ్మకూడదని దస్తావేజుల్లోనే రాసుకునే ఒప్పందాలుండేవి. 1948లో షెల్లీ వర్సెస్ క్రేమర్ కేసులో సుప్రీంకోర్టు అట్లాంటి ఒప్పందాల్ని కోర్టులు అమలు చేయరాదని చెప్పాక, జపనీస్, నల్లజాతి కుటుంబాలు క్రెన్‌షా ప్రాంతానికి వచ్చాయి. హాలిడే బౌల్ కాఫీ షాపు మెనూలో జపాన్ ఉడాన్ నూడుల్స్, చైనీస్ చౌ మెయిన్, దక్షిణాది నల్లజాతి ఇళ్ళలో తినే గ్రిట్స్, హాంబర్గర్లు పక్కపక్కనే ఉండేవి. రాత్రి షిఫ్టు దిగిన కార్మికులు అక్కడే తినేవాళ్ళు, అక్కడే ఆడేవాళ్ళు. గూగీ గాజు గోడ ఇచ్చిన మాట నిలబడిన చోటు అది. నిలబడింది గాజు వల్ల కాదు, యజమానులూ ఇరుగుపొరుగూ ఆ గాజు అవతల నిలబడిన అనుభవం ఉన్నవాళ్ళు కావడం వల్ల.

2000లో అది మూతపడింది. స్థానికులు పోరాడితే కాఫీ షాపు భాగం కూల్చివేత నుంచి బయటపడింది. బౌలింగ్ హాలు దక్కలేదు.

తలకిందులుగా బొమ్మ గీసిన ఆర్కిటెక్ట్

పాల్ రెవియర్ విలియమ్స్ 1894లో లాస్ ఏంజెలస్‌లో పుట్టిన నల్లజాతి మనిషి. నాలుగేళ్ళకే తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్నాడు. 1923లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్‌లో చేరిన మొదటి నల్లజాతి సభ్యుడయ్యాడు. హాలీవుడ్ నటులకు, ధనవంతులకు భవంతులు గీశాడు.

ఆయన నేర్చుకున్న ఒక విద్య గురించి తెలుసుకోవాలి. బల్లకు అవతలి వైపు కూర్చున్న తెల్ల కస్టమర్‌కు నిటారుగా కనిపించేలా ఆయన తలకిందులుగా బొమ్మ గీసేవాడు. నల్లవాడి పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం కొందరికి ఇబ్బంది కాబట్టి. కట్టడం చూపించేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని నడిచేవాడు. చేయి కలపాలా వద్దా అన్న సందేహం ఎదుటివాడికి రాకుండా. లోకం దాన్ని ఆయన నైపుణ్యంగా మెచ్చుకుంది. మనం దాన్ని అంటరానితనం అంటాం. 1937లో రాసిన ఒక వ్యాసంలో ఆయనే చెప్పుకున్నాడు, తాను గీసిన ఇళ్ళున్న చాలాచోట్ల తాను ఇల్లు కొనుక్కోలేనని.

గూగీ శైలిలో ఆయన కట్టిన ప్రసిద్ధ కట్టడం 1961లో లాస్ వేగాస్‌లో తెరిచిన లా కాంచా మోటెల్. దాని లాబీ పెద్ద ఆల్చిప్పలాగా ఉంటుంది. పలుచని కాంక్రీటు అలలు మూడు వైపులా లేచి, మధ్యలో గాజు. ఆ ఊరిని అప్పట్లో పశ్చిమాన ఉన్న మిసిసిపీ అని పిలిచేవారు. పెద్ద హోటళ్ళలో పాటలు పాడి జనాన్ని రప్పించిన నల్లజాతి కళాకారులకే ఆ హోటళ్ళలో గది ఇచ్చేవారు కాదు. ఊరికి పడమటి వైపున్న వాడలో పడుకోవాలి. 1960 మార్చిలో నల్లజాతి నాయకులు ఊరేగింపుకు సిద్ధమయ్యాక, యజమానులు, అధికారులు దిగివచ్చి ఈ వివక్షను ఎత్తేయడానికి ఒప్పుకున్నారు. లా కాంచా తెరిచింది ఆ మరుసటి ఏడాది. అదే ఊళ్ళో, నల్లజాతి కుటుంబాల కోసం కట్టిన బర్కిలీ స్క్వేర్ అనే కాలనీ ఇళ్ళను 1950ల నడుమ గీసింది కూడా విలియమ్సే.

లా కాంచా మూతపడ్డాక ఆ లాబీని ముక్కలుగా కోసి 2006లో వేరేచోటికి తరలించారు. ఇప్పుడది నియాన్ మ్యూజియం ముఖద్వారం. ఆర్కిటెక్టుల సంస్థ తన అత్యున్నత బంగారు పతకాన్ని విలియమ్స్‌కు 2017లో ఇచ్చింది. ఆయన చనిపోయి అప్పటికి 37 ఏళ్ళు.

తలుపు తెరిచింది ఎవరు?

కాఫీ షాపుల కార్లు తిరిగిన ఆ రోడ్ల మీదే నల్లజాతి కుటుంబాలు వేరే పుస్తకం పట్టుకుని ప్రయాణించాయి. హార్లెమ్‌లో నివసించిన పోస్ట్‌మ్యాన్ విక్టర్ హ్యూగో గ్రీన్ 1936లో మొదలుపెట్టిన గ్రీన్ బుక్ అది. ఏ ఊళ్ళో ఎక్కడ తినొచ్చు, ఎక్కడ పడుకోవచ్చు, ఎక్కడ పెట్రోలు పోస్తారు అన్నది అందులో ఉండేది. పొద్దుగూకేలోపు నల్లవాళ్ళు వెళ్ళిపోవాలని బోర్డులు పెట్టిన ఊళ్ళూ ఉండేవి.

1957లో ఘనా దేశ ఆర్థిక మంత్రి గ్బెడెమా డెలవేర్ రాష్ట్రంలో హోవర్డ్ జాన్సన్స్ అనే రోడ్డు పక్క రెస్టారెంటులో నారింజ రసం అడిగాడు. లోపల కూర్చుని తాగడానికి వీల్లేదన్నారు. విషయం బయటపడి ప్రపంచం ముందు పరువు పోయాక, అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఆయన్ని వైట్‌హౌస్‌కు పిలిచి అల్పాహారం పెట్టాడు. పేరున్న మంత్రికి వైట్‌హౌస్‌లో క్షమాపణ దొరికింది. పేరులేని మనిషికి ఏం దొరికేది?

1960 ఫిబ్రవరి 1న నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు ఒక దుకాణంలోని భోజన కౌంటరు దగ్గర స్టూళ్ళ మీద కూర్చుని కాఫీ అడిగారు. ఇవ్వలేదు. వాళ్ళు లేవలేదు. మర్నాడు ఇంకొందరు వచ్చారు. కొన్ని వారాల్లోనే దక్షిణాది ఊళ్ళలో విద్యార్థులు కౌంటర్ల ముందు కూర్చోవడం మొదలుపెట్టారు. ఆ జూలైలో ఆ దుకాణం తలవంచింది. 1964 పౌరహక్కుల చట్టం దేశమంతటా హోటళ్ళలో, రెస్టారెంట్లలో జాతి వివక్షను నిషేధించింది. అలబామాలో ఒక రెస్టారెంటు యజమాని ఆ చట్టం చెల్లదని కోర్టుకెక్కితే, అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు చట్టం వైపే నిలబడింది.

అయినా అక్కడితో అయిపోలేదు. ఆర్మే, డేవిస్ నమూనాతో ఊరూరా పెరిగిన అదే డెన్నీస్ మీద 1990లలో జాతి వివక్ష దావాలు పడ్డాయి. 1993లో మేరీల్యాండ్‌లో ఆరుగురు నల్లజాతి సీక్రెట్ సర్వీస్ ఉద్యోగులు తెల్ల సహోద్యోగులు తింటుంటే చాలాసేపు ఖాళీ ప్లేట్ల ముందు కూర్చున్న ఘటన పెద్ద దుమారం రేపింది. 1994లో సంస్థ 5.4 కోట్ల డాలర్లకు పైగా చెల్లించి ఆ దావాలను పరిష్కరించుకుంది. కప్పు ఎంత కొత్తగా ఉన్నా దాని కింద పాత అలవాటు బతకగలదని ఆ మొత్తం చెబుతుంది.

మనకు దీంతో ఏం పని?

అమెరికా చట్టం కన్నా 14 ఏళ్ళ ముందే మన రాజ్యాంగం ఈ మాట చెప్పింది. 15(2) అధికరణలో దుకాణాలు, హోటళ్ళు, రెస్టారెంట్లు, బావులు, చెరువులు పేరుపేరునా ఉన్నాయి. కులం పేరుతో ఎవర్నీ అక్కడ ఆపకూడదు. 17వ అధికరణ అంటరానితనాన్నే రద్దు చేసింది. ఆ మాటల వెనక ఉన్న మనిషి న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయంలో, లండన్‌లో చదివి 1917లో బరోడా ఉద్యోగానికి వస్తే ఉండటానికి గది దొరకలేదు. పార్సీల సత్రంలో తలదాచుకుంటే కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. బాబాసాహెబ్ ఆ సంగతి వెయిటింగ్ ఫర్ ఎ వీసాలో రాసుకున్నారు. హోటల్ అన్న మాట రాజ్యాంగంలోకి ఊరికే రాలేదు.

చట్టం అంత ముందు వచ్చినా, రెండు గ్లాసులు మన పల్లెల్లో దశాబ్దాలపాటు చూరుకు వేలాడాయి. కొన్నిచోట్ల వాడిపారేసే ప్లాస్టిక్ గ్లాసు వచ్చి దాన్ని కంటికి కనపడకుండా చేసిందే తప్ప తీసేయలేదు.

ఇప్పుడు మన హైవేల మీద కూడా గాజు గోడల రెస్టారెంట్లు వరసగా లేస్తున్నాయి. వాటిలోకి వెళ్ళడం, తినడం మన హక్కు. ఆ హక్కుతో పాటు కొన్ని ప్రశ్నలు కూడా పట్టుకెళ్ళాలి. ఈ కట్టడాన్ని గీసినవాళ్ళలో మనవాళ్ళున్నారా? ఆర్కిటెక్చర్ కాలేజీల్లో సీట్లు దాటి, ఆఫీసుల్లో డ్రాయింగ్ బల్ల దాకా ఎంతమంది చేరారు? గల్లాపెట్టె దగ్గర ఎవరున్నారు, ప్లేట్లు ఎవరు కడుగుతున్నారు? ఈ స్థలం ఎవరిది, అప్పు ఎవరికి పుట్టింది?

హెలెన్ ఫాంగ్, పాల్ విలియమ్స్ డ్రాయింగ్ బల్ల దాకా చేరారు. హాలిడే బౌల్ యజమానులు గల్లాపెట్టె దాకా చేరారు. గ్రీన్స్‌బరో విద్యార్థులు స్టూలు మీద కూర్చున్నారు. ఈ మూడింట్లో ఏ ఒక్కటీ మిగతా రెండింటి పని చేయలేదు. మనకూ మూడూ కావాలి.